ఆగ్రా వెళ్లొచ్చాం: గదుల కన్నా ముందు చెప్పాల్సిన సంగతి

నాన్నగారికి తాజ్‌మహల్ చూపించాలని ఢిల్లీ మీదుగా ఆగ్రా వెళ్లి వచ్చాం. నాలుగు రోజుల ప్రయాణం. గదులూ భోజనాల సంగతి ఎలాగూ చెబుతాను కానీ, ఈసారి నేను ముఖ్యంగా గమనించింది మా వివరాలు ఎవరు ఎలా తీసుకున్నారన్నది.

విమానాశ్రయంలో ముఖాన్ని కెమెరాతో గుర్తించి లోపలికి పంపే డిజియాత్ర వద్దనుకున్నాను. 2022 డిసెంబరులో మొదలైన ఈ ఏర్పాటు స్వచ్ఛందమే. గుర్తింపు కార్డు చూపించి మామూలు వరుసలో వెళ్లాం. కాస్త ఆలస్యమైంది, అంతే.

ఢిల్లీ కరోల్‌బాగ్‌లో దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది, వేడినీళ్లు బాగా వచ్చాయి. అయినా ఎవరికీ సిఫారసు చేయను. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే కౌంటరులో ఒప్పుకోలేదు, పూర్తి నంబరున్న జిరాక్సు కావాలన్నారు. సంతకం చేయమని రిజిస్టరు నా వైపు తిప్పారు. నా వరుసకు పైన ఒక అమ్మాయి పేరు, ఆమె ఫోను నంబరు, పక్కనే గది నంబరు. మా తర్వాత వచ్చే ఎవరైనా మా వివరాలూ ఇలాగే చదువుతారు కదా! గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ కౌంటరు దగ్గర నిలబడి ఆ మాటే తలచుకున్నాను. కోపం వచ్చింది, బాధ కూడా వేసింది.

ఆగ్రాలో తాజ్‌గంజ్ సందులో ఒక పెద్దావిడ నడిపే ఇంట్లో ఉన్నాం. గది ఇరుకు, మెట్లెక్కడం నాన్నగారికి కష్టమైంది. కానీ ఆవిడ మాస్క్‌డ్ ఆధార్ తీసుకుని, మా ముఖాలు పోల్చి చూసి, రిజిస్టరులో తానే రాసుకుని సొరుగులో పెట్టి తాళం వేశారు. పొద్దున్నే వేడి వేడి ఆలూ పరోటాలు పెట్టారు. మళ్లీ వెళితే అక్కడే దిగుతాం.

తాజ్ టిక్కెట్టు 50 రూపాయలు, ప్రధాన సమాధి మందిరంలోకి వెళ్లాలంటే మరో 200. శుక్రవారం సెలవు. బయట ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు, మందిరం లోపల మాత్రం నిషేధం. 2018లో పురావస్తు శాఖ తన కట్టడాల్లో ఫోటోలపై ఆంక్షలు ఎత్తివేసినప్పుడు అజంతా గుహలు, లేహ్ రాజభవనంతో పాటు దీన్ని మినహాయించింది. ఈ నిబంధన నాకు ఏమాత్రం కష్టం కలిగించలేదు. బోర్డు మీద స్పష్టంగా రాసి ఉంది, అందరికీ ఒకటే. ఫోను జేబులో పెట్టి చూస్తుంటే, ఒక గైడు పాలరాతిలో పొదిగిన పువ్వు మీద చిన్న టార్చి ఆనించాడు. ఎర్ర రాతి రేకులు నిప్పు కణికల్లా వెలిగాయి. నాన్నగారు ఆ పువ్వు దగ్గర నుంచి చాలాసేపు కదలలేదు.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చింది. ఈసారి గది అడగడానికి ముందే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందా అని ఫోను చేసి కనుక్కున్నాను. రెండు చోట్ల కుదరదన్నారు. మూడో చోట సరేనన్నారు, అక్కడికే వెళ్లాం.