భోగి మధ్యాహ్నం, లండన్‌లో నాలుగు పాత పబ్బులు

ఏటా జనవరిలో ఒక రోజు సెలవు పెట్టుకుని మేం నలుగురు స్నేహితులం లండన్‌లో కలుస్తాం. ఒకప్పుడు విశాఖలో ఒకే హాస్టల్లో ఉన్నవాళ్లం. ఇప్పుడు లీడ్స్, రెడింగ్, కోవెంట్రీ, లండన్ అంటూ తలో ఊళ్లో స్థిరపడ్డాం. మధ్యాహ్నం మొదలుపెట్టి సుమారు మూడు కిలోమీటర్లు నడుస్తాం, దారిలో నాలుగు పాత పబ్బుల్లో ఆగుతాం, రాత్రికి ఎవరి రైలు వాళ్లం ఎక్కుతాం. ఇక్కడివాళ్లు దీన్ని పబ్ క్రాల్ అంటారు. మాది నింపాదిగా సాగే నడక. ఏడేళ్లుగా చేస్తున్నాం కనుక, చలికాలంలో ఏ పబ్బు మనిషిని నిజంగా ఆదుకుంటుందో ధైర్యంగా చెప్పగలను.

ఈసారి ఐదో మనిషి కూడా వచ్చారు. లీడ్స్ మిత్రుడి నాన్నగారు. తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు, కొడుకు దగ్గర మూడు నెలలు ఉండడానికి వచ్చారు. మేమంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తాం. జీవితంలో చుక్క ముట్టని మనిషి. పైగా ఆ రోజు భోగి. "పండగపూట నన్ను సారా కొట్టుకు తీసుకెళ్తున్నారా నాయనా?" అని రైల్లోనే అడిగారట. ఆయన భయం న్యాయమైనదే. ఇనుప ఊచల సందులోంచి డబ్బిచ్చి సీసా తీసుకుని పక్క సందులో నిలబడి తాగే దుకాణాలనే ఆయన చూశారు. కుటుంబాలు, ముసలివాళ్లు, కుక్కలు కూడా వచ్చి కూర్చునే గదిని చూడలేదు.

మా నియమాలు రెండే. ఒక్కో చోట అర పైంటు మించి తాగకూడదు. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు, అందులో సగం. రెండోది, ఒక్కో పబ్బులో ఒకరే అందరికీ కొనాలి. దాన్ని రౌండు అంటారు. ఇక్కడ బల్ల దగ్గరికి ఎవరూ రారు, మనమే కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. వరుస కనిపించదు కానీ ఎవరు ముందు వచ్చారో కౌంటరు వెనక ఉన్నవాళ్లకు గుర్తుంటుంది. చేయి ఊపి పిలవడం మర్యాద కాదు. నలుగురం, నాలుగు పబ్బులు, లెక్క సరిపోతుంది. మాస్టారు అతిథి కనుక ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మొదటిది బరో హై స్ట్రీట్ పక్కన ఉన్న ది జార్జ్. లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. దీన్ని వెలుగుండగానే చూడాలి, ఎందుకంటే దీని అందమంతా ముంగిట్లో నిలబడి తల పైకెత్తితేనే తెలుస్తుంది. 1676లో సదర్క్ అనే ఈ పేటలో చెలరేగిన మంటల్లో కాలిపోతే 1677లో తిరిగి కట్టారు. గుర్రపు బళ్లు వచ్చి ఆగే ఇలాంటి సత్రాలు ఒకప్పుడు ఈ వీధి పొడుగునా ఉండేవి. చెక్క వసారాలతో లండన్‌లో మిగిలినది ఇదొక్కటే. రైల్వే అవసరాల కోసం 1889లో రెండు వైపులు కూల్చేశారు, ఒక్క పక్క మాత్రం నిలిచింది. 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. తెల్ల కమ్మీల వెనక ఆ వసారా కాస్త ముందుకు ఒరిగి ఉంటుంది. మాస్టారు చాలాసేపు చూసి, "ఇది సత్రం రా! కాశీకి నడిచి వెళ్లే రోజుల్లో మన వాళ్లు దిగినట్టే కదా" అన్నారు. ఆ తర్వాత ఇక భయం లేదు. నిమ్మరసం కలిపిన సోడా తెచ్చిస్తే గుక్క గుక్కగా తాగారు.

ఆయనకు ఆసక్తి కలిగించింది చేతి పంపు. పొడవాటి పిడి పట్టుకుని నేలమాళిగలోని పీపా నుంచి బీరును పైకి లాగుతారు. ఆ పీపాలో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది, బీరు అక్కడే చివరిసారి పులుస్తుంది. కొళాయి బిగించాక మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పులుపెక్కుతుంది. ఐసులా చల్లగా ఇవ్వరు, 12 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఇదంతా చెబితే, "కల్లు కుండ సంగతే. పొద్దున దించింది సాయంత్రానికి వేరు" అన్నారు. తాగని మనిషి ఒక్క మాటలో పట్టేశారు. చలికాలంలో ఈ బీరే ఎందుకు బాగుంటుందో కూడా అక్కడే ఉంది. గొంతు గడ్డకట్టదు, మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, రుచి నాలుక మీద నిలుస్తుంది.

అక్కడి నుంచి థేమ్స్ ఒడ్డు వెంట నడక. నది మీది గాలి చెవులు కోసేస్తుంది, టోపీ లేకుండా రావద్దు. వంతెన దాటగానే ఎదురుగా, ఇస్త్రీపెట్టె ముక్కులా కోసుకుని వచ్చిన భవనం, ది బ్లాక్ ఫ్రయర్. 1875 నాటి కట్టడం. పూర్వం ఇక్కడ నల్ల అంగీలు వేసుకునే డొమినికన్ సన్యాసుల మఠం ఉండేది, ఆ పేరే ఈ పేట అంతటికీ వచ్చింది. 1905 ప్రాంతంలో ఫుల్లర్ క్లార్క్ అనే వాస్తుశిల్పి, హెన్రీ పూల్ అనే శిల్పి కలిసి లోపలంతా చలువరాయితో, రాగి పలకలతో ఆ సన్యాసుల బతుకునే మలిచారు. 1960ల్లో కూల్చబోతే కవి జాన్ బెట్జమన్ తదితరులు పోరాడి కాపాడారు. వాళ్లకు నేను ఏటా మనసులో దండం పెట్టుకుంటాను.

ఒక పలకలో సన్యాసులు చేపలు పడుతుంటారు. దాని కింద "రేపు శుక్రవారం" అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. శుక్రవారం మాంసం తినరు కనుక ముందురోజే చేపల వేట. "మన కార్తిక సోమవారం ముందు ఆదివారంలాగా" అని మాస్టారు నవ్వారు. లోపలి చిన్న గదిలో కమానులా వంగిన మొజాయిక్ కప్పు, గోడల మీద సూక్తులు. ఒకటి చదివి, "తొందరే ఆలస్యం" అని నేను అనువదించాను. ఆయన ఒప్పుకోలేదు. "ఉన్నమాట ఉండగా కొత్తది ఎందుకు? నిదానమే ప్రధానం." నలభై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి అది. లండన్‌లో ఒక్క పబ్బుకే వెళ్లే సమయం ఉంటే, కళ్ల కోసం ఇక్కడికే వెళ్లండి.

తర్వాత సన్నటి మంచుజల్లు మొదలైంది. తడవడం ఇష్టంలేక మా జాబితాలో లేని ఒక పబ్బులో దూరాం. దాని పేరు చెప్పను. పెద్ద తెరమీద ఆట, చెవులు దిమ్మెక్కే మోత, చల్లారిన చిప్స్. వేడి చేసివ్వమంటే విసుక్కున్నారు. పదిహేను నిమిషాల్లో బయటపడ్డాం. ఎక్కడ పడితే అక్కడ దూరకూడదని మాకు మళ్లీ తెలిసొచ్చింది.

నాలుగున్నరకే చీకటి పడింది. ఫ్లీట్ స్ట్రీట్ మీద గుండ్రటి దీపం వెలుగుతున్న చిన్న సందులోకి తిరిగితే యి ఓల్డ్ చెషైర్ చీజ్. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత, 1667లో తిరిగి కట్టింది. గుమ్మం పక్కన, అది చూసిన రాజుల, రాణుల పేర్ల పట్టిక ఉంటుంది. లోపలికి పగటి వెలుగు దాదాపు రాదు, అందుకే చీకటి పడ్డాక వెళ్తేనే దానికి న్యాయం. నల్లబడిన చెక్క గోడలు, తల వంచుకుని దిగాల్సిన మెట్లు, కింద ఒకదానిలోంచి ఒకటి తెరుచుకునే సొరంగాల్లాంటి గదులు. యార్క్‌షైర్‌కు చెందిన శామ్యూల్ స్మిత్ కంపెనీది కనుక వాళ్ల సొంత బీరే దొరుకుతుంది, సంగీతం ఉండదు, ఫోను తీయవద్దంటారు. ఏడాదికోసారి కలిసే స్నేహితులకు అంతకు మించిన వరం ఏముంది?

ముందు గదిలో పొయ్యి రాజుకుని ఉంది, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. మాస్టారు కోటు జేబుల్లోంచి చేతులు తీశారు. అరచేతులు మంటకు చూపించారు, తిప్పి వెనకవైపు కాచుకున్నారు, తర్వాత వీపు తిప్పి నిలబడ్డారు. తెల్లవారుజామున భోగిమంట దగ్గర, పిడకల దండ వేసేశాక, పిల్లలు చేసేది ఇదే. ఎవరం ఏమీ అనలేదు. పక్కనున్న ముసలాయన కుర్చీ కొంచెం జరిపి ఆయనకు చోటిచ్చాడు.

ఆ పబ్బు వెనకే గఫ్ స్క్వేర్‌లో శామ్యూల్ జాన్సన్ ఇల్లు ఉంది. 1755లో వచ్చిన ఆయన ఇంగ్లిషు నిఘంటువు ఆ ఇంట్లోనే తయారైంది. ఆ మాట వినగానే మాస్టారు లేచి నిలబడ్డారు. "మన బ్రౌన్ దొర కూడా ఈ ఊళ్లోనే కదా పోయింది, 1884లో. ఆయన తెలుగు నిఘంటువు 1852. పదండి, చూసొద్దాం." గ్లాసులకు ఇద్దరిని కాపలా పెట్టి ముగ్గురం మంచులోకి వెళ్లాం. ఇల్లు మూసేసి ఉంది. ఎదురుగా జాన్సన్ పిల్లి విగ్రహం, నిఘంటువు మీదే దర్జాగా కూర్చుని ఉంది. ఆయన చేతి తొడుగు తీసి ఆ కంచు పుస్తకం అంచును ఒకసారి తాకారు. ఈ నడకలో నాకు అన్నిటికన్నా బాగా గుర్తుండేది అదే.

చివరిది యి ఓల్డ్ మైటర్. వజ్రాల దుకాణాల వీధి హాటన్ గార్డెన్‌లో, రెండు ఇళ్ల మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నటి సందులో దాక్కుని ఉంటుంది. మొదటిసారి వచ్చేవాళ్లు తప్పక దాటి వెళ్లిపోతారు, దీపం చూసుకోండి. ఈలీ బిషప్పు తన పనివాళ్ల కోసం 1546లో పెట్టించిన పబ్బు ఇది. ఇప్పటి భవనం 1772 ప్రాంతానిది. ముందు మూలలో అద్దం వెనక చెర్రీ చెట్టు మొద్దు ఉంది. మొదటి ఎలిజబెత్ రాణి దాని చుట్టూ నాట్యం చేసిందని చెప్పుకుంటారు. సాధారణంగా శని, ఆదివారాలు మూసి ఉంటుంది కనుకే మేం పని దినాన సెలవు పెడతాం. డిసెంబరులో ఆఫీసు విందులతో ఊపిరాడదు, జనవరిలో కూర్చోవడానికి బల్ల దొరుకుతుంది. చీజ్ టోస్టీ తప్పకుండా తినండి. శాకాహారులకు పనికొస్తుంది, చలిలో నడిచొచ్చిన కడుపుకు పొగలు కక్కే ఆ చిన్న ముక్కే విందు.

నా రౌండు మిగిలింది. లేవబోతుంటే మాస్టారు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "ఇంతసేపూ మీరు పోశారు, ఇది నాది." మఫ్లరు సర్దుకుని కౌంటరు దగ్గరికి వెళ్లారు. చేయి ఊపలేదు, ఎవరినీ పిలవలేదు. ముందున్న ఇద్దరి వంతు అయ్యేదాకా నిలబడి, వేళ్లు లెక్కపెట్టుకుంటూ అడిగారు. నాలుగు అర పైంట్లు, ఒక నిమ్మ సోడా, ట్రేను రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క తొణకకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ తెచ్చారు.