సంతకం పెట్టింది ఒకరు, పిల్లని చూసేది ఇంకొకరు: అగ్రిమెంటుకి ముందు ఇవి అడగండి

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ చంటిపిల్లల్ని ఎవరో ఒకరి దగ్గర వదలక తప్పనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈమధ్య మన ఊళ్లలో కూడా ఇంటి దగ్గరే నలుగురైదుగురు పిల్లల్ని చూసుకుంటామని బోర్డులు పెడుతున్నారు, స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకుంటున్నారు. రాతకోతలు ఉండటం మంచిదే. ఏం రాశారన్నదే చూసుకోవాలి. మేం పాపని వదిలిన ఇంటావిడ మాకు ఇచ్చిన కాగితంలో నెల ఫీజు, డిపాజిట్, సాయంత్రం ఆలస్యమైతే గంటకి ఎంత, పిల్ల రాని రోజుకి తగ్గింపు లేదు, ఇలా డబ్బు సంగతి సుబ్బరంగా రాసుకున్నారు. పగలంతా పిల్లని ఎవరు చూస్తారన్నదానికి ఒక్క వాక్యమే ఉంది, అదీ ఇంగ్లీషులో. తెలుగులో చెప్పాలంటే, "సంరక్షకురాలు అంటే ఆవిడ గానీ, ఆవిడ నియమించిన మరెవరైనా గానీ". మా కొంప ముంచింది ఆ వాక్యమే.

ఆవిడ మాటతీరు, ఇల్లు, వంటగది, వేటికీ వంక పెట్టడానికి లేదు. "మీ పాప నా మనవరాల్లాంటిదండి" అన్నారు. పాపకి అప్పుడు 14 నెలలు, గోడ పట్టుకుని అడుగులేస్తోంది. నెలకి 5,000, మూడు నెలల ఫీజు డిపాజిట్, అంటే 15,000 ముందే కట్టాలి. కట్టాం.

ఒకరోజు పని తొందరగా తెమిలిపోయి మధ్యాహ్నమే పాప కోసం వెళ్లాను. కరెంటు లేదు. వీధి తలుపు బార్లా తీసుంది. వసారాలో ఆవిడ అత్తగారు మడతమంచం మీద నిద్రపోతున్నారు. టెన్త్ చదివే మేనకోడలట, ఒళ్లో ఒక బాబుని వేసుకుని ఫోన్లో రీల్స్ చూసుకుంటోంది. మా పిల్ల పెరట్లో గాబు పట్టుకుని నిలబడి చెంబు ముంచుతోంది. గౌను బొడ్డు దాకా తడిసిపోయింది. పెరటి తలుపు మూసుకుపోకుండా గాలి కోసం ఇటుక అడ్డం పెట్టారు. ఆ తలుపు దాటితే నాలుగు మెట్లు, మెట్ల కింద కాలువ.

"మీ అత్త ఏదమ్మా?" అన్నాను.

"పెళ్లికూతురి మేకప్పుకి తణుకెళ్లిందండి. రోజూలాగే మీరొచ్చే టైముకి వచ్చేస్తుందండి" అంది ఆ పిల్ల అమాయకంగా.

ఆ "రోజూలాగే" వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. విచారిస్తే తేలిందేమిటంటే, ముహూర్తాలున్న రోజుల్లో ఆవిడ ఊళ్లు తిరిగి మేకప్ వేస్తారు. ఎదురింటివాళ్లకి తెలుసు, పాలబ్బాయికి తెలుసు. ఫీజు కట్టేవాళ్లకి మాత్రం తెలీదు. మర్నాడు నిలదీస్తే ఆవిడ ఏమాత్రం తొణక్కుండా ఆ ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. ఇక పంపం అంటే ఇంకో వాక్యం చూపించారు: రెండు నెలల ముందు నోటీసు ఇవ్వకుండా మాన్పిస్తే డిపాజిట్ తిరిగి రాదు. ఆవిడ మానేస్తే మాకు ఎన్ని రోజుల ముందు చెప్పాలో మాత్రం కాగితమంతా వెతికినా లేదు.

అందుకని మొట్టమొదట అడగాల్సింది ఫీజు కాదండి. "మీరు ఇంట్లో లేనప్పుడు పిల్లని ఎవరు చూస్తారు?" అని అడగండి. "నేనెక్కడికీ వెళ్లనండి" అనే జవాబు వస్తుంది. దాంతో సరిపెట్టుకోకండి. ఇంకేమైనా పని చేస్తారా? మాఘం, వైశాఖం, శ్రావణం లాంటి పెళ్లిళ్ల నెలల్లో మీ సంగతేంటి? ఒంట్లో బాగోకపోతే? ఆ ఇంట్లో పగలు ఇంకెవరెవరు ఉంటారు, వచ్చిపోయే మగవాళ్లు ఎవరు? ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. మన గోదారోళ్లకి మర్యాద ఎక్కువ, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని సగం ప్రశ్నలు నోట్లోనే మింగేస్తాం. అడిగాక ఆ పేర్లు అగ్రిమెంటులో రాయించండి: ఫలానావారు స్వయంగా చూస్తారు, వారు లేకపోతే ఫలానా పెద్దవారు, ఆ ఇద్దరూ లేని రోజు ముందే ఫోన్ చేసి చెబుతారు, ఆ రోజు ఫీజు తగ్గిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి పిల్లల్ని అప్పజెప్పకూడదని కూడా రాయించండి. ఆ మేనకోడలి మీద నాకేం కోపం లేదు. బడికి వెళ్లాల్సిన పిల్ల చేత చాకిరీ చేయించడం అదో తప్పు.

ఇంటికే ఆయాని పెట్టుకునేవాళ్లకి ఇంకో సంగతి. కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ ఎంతమంది ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇళ్లలో పని చేస్తున్నారో మనకి తెలుసు. పాస్‌పోర్టు చేతిలో ఉండి వీసా కోసం చూస్తున్నావిడ, వీసా రాగానే వెళ్లిపోతుంది. ఆవిడ బతుకు బాగుపడుతుంటే మనం తప్పు పట్టలేం. "వీసాకి పెట్టావా అమ్మా?" అని ముందే అడిగితే ఆవిడా దాచదు, మీరూ ఏర్పాటు చూసుకోవచ్చు. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే మాత్రం, మనిషి మధ్యలో వెళ్లిపోతే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారు, పంపకపోతే కమీషన్ ఎంత వెనక్కిస్తారు అన్నది అంకెలతో రాయించాలి. "వీలునుబట్టి పంపబడును" అని ఉందంటే పంపరనే అనుకోండి.

రోజూ సఖినేటిపల్లి నుంచి పంటు మీద రేవు దాటి నరసాపురం వచ్చేవాళ్లని పెట్టుకుంటే వరదల రోజుల మాట కూడా తేల్చుకోండి. గోదారి పోటెత్తితే పంటు ఆపేస్తారు. ఆ రోజులకి జీతం ఇవ్వాలా, కోయాలా? కోయకండి, అది ఆవిడ చేతిలో లేదు. కానీ ముందే అనుకుని ఉంటే గొడవుండదు.

ఇక నీళ్లు. డెల్టాలో ఇల్లు చూడటమంటే ముందు పెరడు చూడటమే. పంట కాలువ, మురుగు కాలువ, చేపల చెరువు, రొయ్యల చెరువు, నుయ్యి, సంపు, గాబు, చివరికి బాత్రూంలో నిండా పట్టి పెట్టిన బకెట్టు. అప్పుడే నడక నేర్చిన పిల్ల బకెట్టులోకి తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేదు, జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. అరుపూ వినపడదు. చిన్నపిల్లలు నీళ్లలో పడి చనిపోకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే జాగ్రత్తల్లో, పగటిపూట వాళ్లని నీళ్లకి దూరంగా పెద్దవాళ్ల సంరక్షణలో ఉంచడం ఒకటి. మనం డబ్బు కట్టేదే దానికోసం, అలాంటి చోటే పెరటి తలుపుకి ఇటుక అడ్డం పెడితే ఎలా?

ఇంకో మెలిక ఉంది. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. మే నెలలో వెళ్లి ఇల్లు చూస్తే ఆ కాలువలో గడ్డీ బురదా తప్ప ఏమీ కనపడదు, "ఏముందిలే" అనిపిస్తుంది. నీళ్లు వదిలాక మళ్లీ వెళ్లి చూడండి, మెట్ల దాకా వచ్చేస్తాయి. కాలువగట్టు ఇళ్లన్నీ వద్దని అనను, అలా అంటే మన దగ్గర సగం ఇళ్లు పోతాయి. పెరటి తలుపుకి పిల్ల చెయ్యి అందనంత ఎత్తులో గడియ, గాబుకి మూత, వాడని బకెట్లు బోర్లించి ఉంచడం, ఈ మూడూ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి. చెప్పాపెట్టకుండా వెళ్లి చూడండి, కరెంటు పోయే వేళైతే మరీ మంచిది. ఎప్పుడంటే అప్పుడు రావచ్చు, పిల్ల ఉన్న గదిలోకి వెళ్లవచ్చు అని అగ్రిమెంటులో ఒక వాక్యం పెట్టించండి. ఆ వాక్యానికి ఇబ్బంది పడేవాళ్లతో మనకి పని లేదు. సీసీ కెమెరా ఉందిగా అంటారు. కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే కెమెరా కూడా గోడకి పెట్టిన బొమ్మే.

మందుల విషయం కచ్చితంగా ఉండాలి. మా దగ్గర ఇది జరగలేదు గానీ, పిల్లలు కాసేపు పడుకోవాలని జలుబు సిరప్ పట్టేవాళ్లున్నారని విన్నాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్పులు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. మీరు రాసిచ్చిన మందు, రాసిచ్చిన మోతాదు తప్ప చుక్క కూడా పట్టకూడదు. జ్వరమొస్తే ముందు మీకు ఫోన్, ఎత్తకపోతే ఇంకెవరికి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇవి రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏడాది లోపు పిల్లకైతే తేనె నాకించకూడదని కూడా చెప్పండి. మన పెద్దవాళ్లు ప్రేమతోనే నాకిస్తారు, కానీ ఆ వయసులో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

తిండి, నిద్ర, ఫోన్ చూపించడం, పిల్లల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం గట్రా మీ ఇష్టాన్నిబట్టి మాట్లాడుకోండి. ఆధార్ కాపీ తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. ప్రస్తుతం అక్కడ పిల్లల్ని వదులుతున్న ఇద్దరు తల్లులతో మాట్లాడండి, ఏడాది క్రితం మాన్పించిన తల్లి దొరికితే ఆవిడతో ఇంకా ముందు మాట్లాడండి.

డబ్బు దగ్గర నేను చెప్పేది, నోటీసు రెండువైపులా సమానంగా ఉండాలి. నెల రోజులంటే ఇద్దరికీ నెల రోజులే. డిపాజిట్ ఒక నెల ఫీజుకి మించితే ఎందుకని అడగండి. మొదటి రెండు వారాలు చూసి, పిల్ల అలవాటు పడకపోతే డిపాజిట్ మొత్తం వెనక్కి వచ్చేలా రాయించండి. సంక్రాంతికి వారం మూసేస్తే ఆ వారం ఫీజు ఎవరిది అన్నది ముందే తేలాలి. పిల్లకి గానీ చూసేవాళ్లకి గానీ ప్రమాదం ఉంటే నోటీసు లేకుండానే ఆపేయవచ్చు, డిపాజిట్ పోదు అన్న వాక్యం మా కాగితంలో ఉండుంటే ఇంత రాయాల్సిన పని నాకుండేది కాదు. కాగితం తెలుగులో అడగండి. రెండువైపులా తెలుగువాళ్లమే కదా! డబ్బు యూపీఐలో పంపి, దేనికోసమో అందులో రాయండి.

చట్టం వైపు నుంచి చూస్తే మరీ చేతులు కట్టేసినట్టేమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో జరిమానా ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసిన మొత్తమంతా ఇచ్చితీరాలని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మితిమీరిన డిపాజిట్లు అడిగే ఒప్పందాలని అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. సేవాలోపం మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరుండే చోటే ఫిర్యాదు వేయవచ్చు, గడువు రెండేళ్లు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పవచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఏజెన్సీ, ఇంటి దగ్గర నడిపే క్రెష్ (పిల్లల్ని పగటిపూట చూసుకునే చోటు) ఈ చట్టం కిందికి వస్తాయి గానీ, మీరే నేరుగా జీతమిచ్చి ఇంట్లో పెట్టుకున్న ఆయాతో ఒప్పందం వ్యక్తిగత సేవ కిందికి పోతుంది, దానికి ఈ దారి పనిచేయదు. పిల్లకి హాని జరిగిందన్న అనుమానం ఉంటే డబ్బు సంగతి పక్కనపెట్టి ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మీరు పనిచేసే చోట 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే క్రెష్ సదుపాయం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది, ఇప్పుడు ఆ చట్టం బదులు వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. మన దగ్గర ఎవరూ అడగట్లేదు, వాళ్లూ పెట్టట్లేదు. కలిసి అడగండి.

మా డిపాజిట్‌లో 5,000 వచ్చాయి, అదీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు అందాక. మిగతా పదివేల కోసం ఫిర్యాదు వేస్తున్నాం. అది తేలేదాకా ఆవిడ పేరు, వీధి అడక్కండి, చెప్పను. మా కాగితంలో ఏయే వాక్యాలున్నాయో చూడాలంటే పేర్లు కొట్టేసి కాపీ పంపుతాను, మీ దగ్గరున్నది పక్కన పెట్టుకుని చదువుకోండి.