వాల్ డ్రగ్: ఐసు నీళ్లతో పేరు తెచ్చుకున్న దుకాణం

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, జనాభా వెయ్యికి కూడా చేరని వాల్ అనే ఊళ్లోని ఈ దుకాణాన్ని 1931లో టెడ్ హస్టెడ్ కొన్నప్పుడు అది చిన్న మందుల షాపు మాత్రమే. 1936 వేసవిలో, ఎండలో కార్లలో పోయేవారికి ఐసు నీళ్లు ఉచితమని రోడ్డు పక్కన బోర్డులు పెట్టించాలన్న ఆయన భార్య డొరొతీ ఆలోచనే దాని దశ తిప్పింది. మనకు చలివేంద్రం పుణ్యకార్యం, వీరికి అదే వ్యాపారానికి పెట్టుబడి అయింది. నీళ్లు ఇప్పటికీ ఉచితమే, కాఫీ ఐదు సెంట్లే. బూట్లు, టోపీలు, నగలు, పుస్తకాలు ఉన్న గదులన్నీ తిరగవచ్చు గానీ, నా ఓటు మాత్రం ఇక్కడే తయారయ్యే డోనట్లకే. దగ్గర్లోని బ్యాడ్‌లాండ్స్ జాతీయ ఉద్యానవనం చూడబోయేవారు, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవారు, పెరట్లో గర్జించే డైనోసార్ కోసం కొంత సమయం అట్టేపెట్టుకోవాలి.