మేకల్లో నట్టలు: రక్త పరీక్షా, పేడ పరీక్షా?

మేక చిక్కిపోతే చాలు, "రక్తం తీయించి చూస్తే నట్టలు (కడుపులో పురుగులు) ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది కదా సార్?" అని అడుగుతున్నారు. అనంతపురం, ధర్మవరం వైపు జీవాలున్నవాళ్ల దగ్గర్నుంచి ఈ మధ్య ఇదే ప్రశ్న. మనకు జబ్బు చేస్తే ముందు రక్తమే తీస్తారు కాబట్టి అలా అనుకోవడం సహజమే.

నట్టలు ఎక్కువైతే రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, నిజమే. దవడ కింద నీరు దిగేది అందుకే. కానీ ఎండాకాలంలో బీళ్లు మాడిపోయి నెలల తరబడి అర్ధాకలితో ఉన్న మేకకూ అది పడిపోతుంది. లివర్ దెబ్బతిన్నా, పేగులకొచ్చే జోన్స్ వ్యాధి ఉన్నా అంతే. మన సీమలో మేత కరువు ఏటా ఉండేదే. అలాంటప్పుడు ఆ రిపోర్టు చూసి ఏ మందు తాగించాలి?

పేడ పరీక్షలో నట్టల గుడ్లే కనిపిస్తాయి. గుండ్రటి పురుగులా, బద్దె పురుగులా, పిల్లల్లో అయితే పేగుల్లో ఉండే కాక్సిడియా అనే సూక్ష్మజీవా అన్నది తెలుస్తుంది. గ్రాము పేడలో ఎన్ని గుడ్లున్నాయో లెక్కపెట్టించవచ్చు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఈ లెక్కే. మందు తాగించిన 10-14 రోజులకు మళ్లీ లెక్కిస్తే, గుడ్లు 95 శాతమన్నా తగ్గాయో లేదో చూడొచ్చు. తగ్గకపోతే డోసు చాలలేదు, లేదా ఆ మందుకు నట్టలు అలవాటు పడ్డాయి. ఏటా అదే ఆల్బెండజోల్ (నట్టల మందు) పోసే మందల్లో ఈ అనుమానం తప్పకుండా పెట్టుకోవాలి.

లోపం లేదని కాదు. రక్తం పీల్చే హీమాంకస్ అనే నట్ట గుడ్లు పెట్టడానికి మూడు వారాలు పడుతుంది, ఈలోపే మేక పాలిపోవచ్చు. పేడ కూడా నేల మీదిది కాకుండా నేరుగా మేక నుంచే తీసి, ఐస్ డబ్బాలో పెట్టి పంపాలి. మన ఎండకు దారిలోనే గుడ్లు పొదిగిపోతాయి.

కంటి రెప్ప లోపలి రంగు చూసే ఫమాచా చార్టు చవకే, రక్తం పీల్చే నట్టలకు పనికొస్తుంది. పిడుదుల జ్వరాలకూ రెప్ప పాలిపోతుందని మరవొద్దు.

రక్త పరీక్షకు నేను ఓటేసేది కార్జపు జలగల విషయంలోనే. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద, చెరువు గట్ల మీద, నత్తలున్నచోట మేపే మేకల్లో జలగ గుడ్లు పేడలో పడటానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. జలగ లివర్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి రక్తంలో లివర్ ఎంజైములు అంతకుముందే పెరుగుతాయి. అక్కడ రెండూ చేయించండి. మిగతావాళ్లు ఆ డబ్బు మందు తర్వాత చేయించే రెండో పేడ పరీక్షకు పెట్టండి.