సీటు ముందుకా, వెనక్కా? డ్రైవింగ్ సీటు ఎలా వేసుకుంటే మేలు

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో కొత్తగా కారు కొన్నవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "సీటు ముందుకు జరుపుకుని నిటారుగా కూర్చోవాలా, వెనక్కి జరిపి వాలి నడపాలా?" డ్రైవింగ్ నేర్పినాయన మొదటి పద్ధతి చెప్పి ఉంటాడు. నెలకోసారి కర్నూలు వెళ్లివచ్చే బావగారు రెండోది చెప్పి ఉంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అలాగని ఎవరికి నచ్చినట్లు వారు కూర్చోవచ్చని చెప్పి ఊరుకోలేను. సీటు అమరిక నడుము నొప్పితో ఆగే వ్యవహారం కాదు. అత్యవసరంలో కారు ఎక్కడ ఆగుతుందన్నది కూడా దానిమీద ఆధారపడుతుంది.

ముందుకు జరిగి నిటారుగా కూర్చుంటే నగరంలో దొరికే పెద్ద లాభం చూపు. సిల్క్ బోర్డు కూడలిలో కార్ల మధ్య సందుల్లోంచి దూసుకొచ్చే స్కూటర్లు, సర్వీసు రోడ్లలో రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు, వాన పడ్డాక కనబడని గుంతలు, ఇవన్నీ బానెట్‌కు దగ్గరలోనే ఉంటాయి. ముందు అద్దం పక్కనుండే స్తంభం వెనక ఒక బైకు మొత్తం దాగిపోగలదు. నిటారుగా ఉన్నవారు యూటర్న్ దగ్గర తల కాస్త కదిపి దాని వెనకేముందో చూసుకుంటారు. వాలి కూర్చున్నవారు అందుకోసం సీటులోంచి లేవాల్సి వస్తుంది, కాబట్టి చాలాసార్లు చూడరు. మోచేతులు వంగి ఉండటం వల్ల స్టీరింగ్ గబగబా తిప్పడమూ తేలికే.

ఈ పద్ధతిలో చిక్కేమిటంటే, ముందుకు జరిగినవారిలో చాలామంది నిటారుగా కూర్చోరు, ముందుకు వంగి కూర్చుంటారు. బ్యాక్‌రెస్ట్ నిలువుగానే ఉంటుంది, వీపు మాత్రం దానికి తగలదు. భుజాలు బిగుసుకుని, గంట ట్రాఫిక్‌లోనే మెడ పట్టేస్తుంది. అంతకంటే ముఖ్యం ఎయిర్‌బ్యాగ్. 2019 జూలై 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా విచ్చుకుంటుంది. విచ్చుకునేటప్పుడు మొదటి ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లోపు ఛాతీ గానీ ముఖం గానీ ఉంటే కాపాడాల్సినదే గాయపరుస్తుంది. అందుకే స్టీరింగ్ మధ్యభాగానికీ రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. టేపు లేకపోతే మీ చేత్తో జానా బెత్తెడు చూసుకోండి. అంతకంటే దగ్గరగా కూర్చోవద్దు.

వెనక్కి వాలేవారి వాదన సుఖం. అందులోనూ పస ఉంది. 1960, 70లలో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్, ఆయన సహచరులు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులమీద ఒత్తిడిని నేరుగా కొలిచారు. ఏ ఆనుడూ లేకుండా కూర్చున్నప్పటికంటే, నడుముకు ఆసరాతో కాస్త వెనక్కి ఆనినప్పుడు ఒత్తిడి తగ్గుతుందని తేలింది. బెంగళూరు నుంచి హైదరాబాదుకు సుమారు 570 కిలోమీటర్లు. దేవనహళ్లి దాటాక 44వ జాతీయ రహదారి మీద క్లచ్‌తో పెద్దగా పని ఉండదు, చూడాల్సింది దూరంగా ఉంటుంది. అక్కడ కాస్త వాలితే హాయిగా ఉంటుందన్నమాట నిజమే.

ఆ "కాస్త" ఎంతన్నదే తేల్చుకోవాలి. నేల నుంచి లెక్కేస్తే 100 నుంచి 110 డిగ్రీల దాకా వాలు మంచిదే. చాలామంది అంతకు మించి పోతారు. అప్పుడు వీపు వెనక్కి పోయినా కళ్లు రోడ్డుమీదే ఉండాలి కాబట్టి మెడను ముందుకు వంచుతారు. తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఖాళీ పెరుగుతుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ ఆ ఖాళీ అంతా విసురుగా వెనక్కి పోతుంది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ భుజం సీటును వదులుతుంది.

బెల్టు సంగతి ఇంకా తీవ్రం. 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ తెచ్చిన మూడు బిందువుల బెల్టు బలమంతా, దాని కింది పట్టీ తుంటి ఎముకలమీద, పై పట్టీ ఛాతీకి అంటి ఉండటంలోనే ఉంది. బాగా వాలినప్పుడు పై పట్టీ ఒంటికి దూరమవుతుంది. కారు ఒక్కసారిగా ఆగితే శరీరం కింది పట్టీ అడుగు నుంచి ముందుకు జారుతుంది, పట్టీ ఎముక మీద నుంచి పొట్ట మీదికి ఎక్కుతుంది. పొట్టలో దాన్ని ఆపే ఎముక లేదు. ఎయిర్‌పోర్టు దారిలో ప్రయాణికుల కోసం ఎదురుచూస్తూ సీటు వాల్చి కునుకు తీసి, అదే వాలులో బండి నడిపే క్యాబ్ డ్రైవర్లను చూస్తుంటాను. నేను ఎక్కిన క్యాబ్ అలా ఉంటే "అన్నా, సీటు కాస్త లేపుకోండి" అని అడుగుతాను. అడిగితే ఎవరూ బాధపడరు, మీరూ అడగండి.

ఇప్పటిదాకా చెప్పినవాటిని ఎటైనా సర్దుకోవచ్చు. నా దృష్టిలో ఈ తగవును తేల్చేది బ్రేకు. మనం సీటు దూరాన్ని చేతులను బట్టి, కంటికి కనిపించేదాన్ని బట్టి పెట్టుకుంటాం. పెట్టుకోవాల్సింది కాలిని బట్టి. మామూలుగా నడిపేటప్పుడు బ్రేకు పెడల్‌ను పావు వంతు కూడా తొక్కం. కాబట్టి సీటు దూరంగా ఉన్నా ఏ లోటూ తెలియదు, ఏళ్లపాటు తెలియదు. ఒక పిల్లవాడు బంతి వెంట రోడ్డుమీదికి పరుగెత్తినరోజు పెడల్‌ను చివరిదాకా, ఉన్న బలమంతా పెట్టి తొక్కి పట్టుకోవాలి. మోకాలు అప్పటికే చాచుకుపోయి ఉంటే తొడ కండరం పనిచేయదు, మునివేళ్లతో నెట్టాల్సి వస్తుంది. పెడల్ కోసం తుంటి ముందుకు జారుతుంది, వీపు సీటును వదులుతుంది, బలం తొక్కుడులోకి పోవాల్సింది ఒంటిని నిలబెట్టుకోవడంలోకి పోతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు పెడల్ పాదం కింద టకటకమని కొడుతుంది. ఆ అదురుకు వెరవకుండా అలాగే అదిమి ఉంచాలి. కొసవేళ్లమీద ఆనిన కాలు అక్కడే సడలుతుంది. దురదృష్టవశాత్తూ గుద్దుకున్నా, నిటారుగా బిగిసిన కాలు దెబ్బను సూటిగా తుంటికి చేరవేస్తుంది. వంగిన మోకాలికి మడుచుకునే వీలుంటుంది.

అందుకని ఇలా చూసుకోండి. పార్కింగ్‌లో హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ ఆన్ చేయండి. ఇంజన్ ఆపి చూస్తే లాభం లేదు, రెండుమూడు తొక్కులకే బ్రేకు బిగుసుకుపోయి మిమ్మల్ని మోసం చేస్తుంది. పిర్రలను సీటు మూలలోకి పూర్తిగా జరిపి కూర్చుని, ఎడమకాలితో క్లచ్‌ను నేలదాకా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. తరువాత కుడికాలితో బ్రేకును గట్టిగా తొక్కి పట్టుకోండి. వీపు సీటును వదిలినా, తుంటి కదిలినా, మడమ నేలను విడిచినా మీరు దూరంగా ఉన్నారు, ఒకటి రెండు టిక్కులు ముందుకు జరగండి. మోకాలు స్టీరింగ్ కింది భాగానికి తగులుతుంటే మరీ దగ్గరగా ఉన్నట్లు. గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కార్లవారు ఈ పరీక్షను వదిలేస్తారు, ఎందుకంటే వారికి క్లచ్ గుర్తుచేయదు. వారికే ఇది ఎక్కువ అవసరం. ఎడమకాలిని సీటు కిందికి ముడుచుకోకుండా పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద ఆనించండి, బ్రేకు తొక్కేటప్పుడు ఒంటిని సీటుకు అదిమి ఉంచేది అదే.

కాళ్లకు కుదిరాక చేతులు మిగులుతాయి. ఇక్కడే చిన్న కార్లు ఇబ్బంది పెడతాయి. చాలావాటిలో స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది గానీ మనవైపు రాదు. కాళ్లు పొడుగున్నవారు పెడల్స్‌కు సరిపోయేలా కూర్చుంటే చేతులు చాచాల్సి వస్తుంది, చేతులకు సరిపోయేలా జరిగితే మోకాళ్లు ఇరుక్కుంటాయి. రెండింటిలో ఒకటి వదులుకోక తప్పనప్పుడు నేను కాళ్ల పక్షమే. చేతుల కొరతను బ్యాక్‌రెస్ట్ నిటారు చేసి పూడ్చుకోవచ్చు, కాళ్ల కొరతను పూడ్చే మార్గం మరొకటి లేదు. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాచితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడేదాకా బ్యాక్‌రెస్ట్‌ను లేపండి. ఇలా లెక్క కాళ్ల నుంచి మొదలుపెడితే దాదాపు అందరూ వచ్చి ఆగేది ఒకేచోట: అలవాటైనదానికంటే కాస్త ముందుకు, కాస్త నిటారుగా. నా మొగ్గు మొదటి పద్ధతివైపు ఎందుకో ఈపాటికి తెలిసే ఉంటుంది. అయితే అది స్టీరింగ్‌ను హత్తుకుని కూర్చోవడం కాదు, వీపు మొత్తం సీటుకు ఆని ఉన్న నిటారుతనం.

ఎత్తు తక్కువున్నవారికి, ముఖ్యంగా మన ఆడవాళ్లకు, ఒక న్యాయమైన ఇబ్బంది ఉంది. పెడల్ అందాలంటే ముందుకు జరగాలి, ముందుకు జరిగితే ఎయిర్‌బ్యాగ్ దగ్గరైపోతుంది. కార్లు చేసేవారు సగటు మగవాడి కొలతను ఎక్కువగా పట్టించుకున్న ఫలితమిది, దాని భారం వీళ్లమీద పడకూడదు. మీట ఉంటే మొదట సీటు ఎత్తు పెంచండి. స్టీరింగ్ పైనుంచి రోడ్డు కనబడాలి, తలకూ పైకప్పుకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ మిగలాలి. ఆ తరువాత కాళ్లకు సరిపోయేలా సీటు జరిపి, ఛాతీ దగ్గర జానా బెత్తెడు లేకపోతే బ్యాక్‌రెస్ట్‌ను ఒక్క టిక్కు వాల్చండి. స్టీరింగ్‌ను కిందికి దించితే ఎయిర్‌బ్యాగ్ ముఖంవైపు కాకుండా ఛాతీవైపు తెరుచుకుంటుంది. సీటు ముందంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు వేళ్ల సందు ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే క్లచ్ తొక్కినప్పుడల్లా అంచు నొక్కి కాలు తిమ్మిరెక్కుతుంది.

సీటు ఎత్తు మార్చే వీలు లేని కారైతే గట్టి దిండు వాడవచ్చు. మెత్తటిది వద్దు, బ్రేకు వేసినప్పుడు అది మనిషితో పాటు జారుతుంది. పూసల పరుపులు ఎండాకాలంలో గాలి ఆడటానికి పనికొస్తాయి, అంతే. నడుము దిండు పలుచగా ఉంటే మేలు, మందమైనది మనిషిని ముందుకు తోసి ఇంతసేపూ సర్దినదాన్ని చెడగొడుతుంది. స్టీరింగ్ మీద చేతులు గడియారంలో పదీ రెండు దగ్గరా, తొమ్మిదీ మూడు దగ్గరా అంటే, తొమ్మిదీ మూడు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే చేతులు ముఖంమీదికి రాకుండా పక్కలకు పోతాయి.

దూర ప్రయాణాల విషయంలో బావగార్లకు నేను ఒక మెట్టు దిగుతాను. ఊరు దాటాక బ్యాక్‌రెస్ట్ ఒక టిక్కు వాల్చుకోండి, సీటు దూరం మాత్రం కదపవద్దు. కూర్చున్నాకే అద్దాలు సరిచేసుకోండి. పెనుకొండ దాటాక వెనక అద్దంలో దృశ్యం పైకో కిందికో జరిగినట్లు అనిపిస్తే అద్దాన్ని ముట్టుకోవద్దు. జారింది మీరు. నిటారుగా సర్దుకుని కూర్చోండి, లేదా బండి ఆపి పది నిమిషాలు నడవండి.

ఒకే కారును భార్యాభర్తలిద్దరూ నడిపే ఇళ్లలో ఎవరి స్థానం ఎన్నో టిక్కో లెక్కపెట్టి గుర్తుంచుకుంటే తగువే లేదు. కొత్త కారు కొనేవారు ఏ వేరియంట్ తీసుకోవాలని అడిగినప్పుడు నేను పెద్ద తెర గురించి మాట్లాడను. సీటు ఎత్తు మార్చే మీట మొదటిది, మనవైపు లాగడానికి వీలైన స్టీరింగ్ రెండోది, పైన చెల్లించే డబ్బు ముందు వీటికి పోవాలి. షోరూముకు ఇంట్లో కారు నడపబోయే ఇద్దరూ కలిసి, రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లండి. టెస్ట్ డ్రైవ్‌కు తాళం తీసుకున్నాక బండి కదిలించేముందు ఆ బ్రేకు పరీక్ష ఒక్కొక్కరూ చేయండి. అమ్మకందారు తొందరపెట్టినా సరే, ఐదు నిమిషాలు తీసుకోండి.