ఇల్లు కొనే ఆఫర్ ఓకే అయ్యాక నడిపించేది టైటిల్ కంపెనీయే: డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో మా అనుభవం (4/5 స్టార్లు)

టైటిల్ కంపెనీ అంటే ఇంటి హక్కు పత్రాలు సరిచూసి, ఆ హక్కుకి ఇన్సూరెన్స్ ఇచ్చి, డబ్బు, సంతకాలు పూర్తయ్యేదాకా నడిపించే సంస్థ. టెక్సస్‌లో ఈ టైటిల్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే. రేటు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ ఖరారు చేస్తుంది. "మా దగ్గర పాలసీ చవక" అని ఎవరైనా అంటే నమ్మకండి. తేడా ఉండేది ఎస్క్రో ఫీజులో (రెండు వైపుల డబ్బు, కాగితాలు తమ దగ్గర ఉంచుకుని చూసుకునే పనికి తీసుకునేది), మన ఫైలు చూసే ఎస్క్రో ఆఫీసర్‌లో. అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. ఇంకో బ్రాంచిలో ఇదే సర్వీసు దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను.

సెల్లర్ సంతకం పెట్టగానే అందరూ కంగ్రాట్స్ చెప్తారు. పరుగు మొదలయ్యేది అప్పుడే. మూడు రోజుల్లో ఎర్నెస్ట్ మనీ (బయానా), ఆప్షన్ ఫీజు (కొన్ని రోజులపాటు వెనక్కి తగ్గే హక్కు కోసం కట్టేది) టైటిల్ కంపెనీకి చేరాలి. ఆప్షన్ పీరియడ్ ఆఖరి రోజు సాయంత్రం 5 గంటల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గొచ్చు. ఎర్నెస్ట్ మనీ తిరిగొస్తుంది, ఆప్షన్ ఫీజు పోతుంది. ఇన్‌స్పెక్షన్, రిపేర్ల బేరం అన్నీ ఈలోపే. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది. ఫౌండేషన్ మీద అనుమానముంటే ఇంజనీరుకి చూపించండి, ఆ డబ్బు దండగ కాదు.

మా ఆఫీసర్ డబ్బు అందిన రోజే రసీదు పంపింది. ఫోన్ చేసి ఇంకో మాట కూడా చెప్పింది: "వైర్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్) వివరాలు మారాయని మా పేరుతో ఈమెయిల్ వస్తే నమ్మకండి, ఈ నంబరుకే కాల్ చేయండి."

తర్వాత టైటిల్ కమిట్‌మెంట్ (ఏ షరతుల మీద ఇన్సూరెన్స్ ఇస్తారో చెప్పే కాగితం) వచ్చింది. అందులో ముందుగా తేల్చాల్సినవి రాసే షెడ్యూల్ సి చూసి గుండె ఆగినంత పనైంది. నా పేరే ఉన్న ఇంకెవరి మీదో ఉన్న కోర్టు జడ్జిమెంట్ అందులో కనిపించింది! పేరు చివర రెడ్డి, రావు ఉన్నవాళ్లకి డాలస్ చుట్టుపక్కల ఇది వింతేమీ కాదట. ఆ మనిషిని నేను కాదని అఫిడవిట్ రాయించి మా ఆఫీసరే తేల్చేసింది.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో. లోన్ నా ఒక్కడి పేరు మీదే. అయినా కాపురం ఉండే ఇల్లు కాబట్టి భార్య సంతకం కావాలన్నారు. మా ఆవిడేమో చెల్లెలి కాన్పుకని గుంటూరులో ఉంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పనికిరాదు. ఈ ఇంటి వివరాలు, ఈ లోన్ సంగతి రాసి ఉన్న కాగితమే కావాలి, లెండర్ (లోన్ ఇచ్చేవాళ్లు) ముందే ఒప్పుకోవాలి, ఒరిజినల్ చేతికి రావాలి. ఊళ్లో నోటరీతో కానిచ్చేద్దాం బావా అన్నాడు మా బావమరిది. దాని మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) కూడా ఉండాలి, అంతకంటే నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకోవడమే తేలికని మా ఆఫీసర్ చెప్పింది. సీలుకి 50 డాలర్లు. డ్రాఫ్ట్ మొదటి వారంలోనే పంపబట్టి సరిపోయింది గానీ, ఆలస్యమైతే క్లోజింగ్ (చివరి సంతకాలు, డబ్బు చెల్లింపు) డేటు మార్చుకోవాల్సి వచ్చేది.

లోన్ వాళ్ల గోల మామూలే. నాన్నగారు నరసరావుపేట నుంచి పంపిన డబ్బుకి గిఫ్ట్ లెటర్ (అది అప్పు కాదు, కానుకేనని రాసిచ్చేది), ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగారు. ఈ మధ్యలో కొత్త కారు, కొత్త క్రెడిట్ కార్డు జోలికి పోకూడదు.

ఒక స్టార్ తగ్గించింది సర్వే (స్థలం హద్దులు, కట్టడాలు చూపే కొలతల ప్లాన్) వల్ల. సెల్లర్ తన పాత సర్వేకి అఫిడవిట్ జోడించి ఇచ్చాడు. వెనక కట్టిన ప్యాటియో (ఆరుబయట కూర్చునే అరుగు) అందులో లేదు. ఈ ఆఫీసు మొదట్లోనే చూడాల్సింది, చివరికి లెండర్ పట్టుకుంది. కొత్త సర్వే హడావుడిగా చేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చెవరిదని రియల్టర్లిద్దరూ గొడవపడ్డారు. వీళ్ల ఆన్‌లైన్ పోర్టల్ కూడా చాదస్తం, ఒకే ఫైలు మళ్లీ మళ్లీ అడుగుతుంది.

క్లోజింగ్ డిస్‌క్లోజర్ (లోన్, ఖర్చుల తుది లెక్క ఉండే కాగితం) సంతకాలకి కనీసం మూడు పనిదినాల ముందు మన చేతికి రావాలి. కాంట్రాక్టు పక్కన పెట్టుకుని లైను లైను చూడండి. మాకు సెల్లర్ కట్టాల్సిన హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు మా వైపు పడింది. చెప్పగానే మా ఆఫీసర్ సరిచేసి పంపింది. సంతకాలు ఉదయం పూట పెట్టుకోండి, వీలైతే శుక్రవారం వద్దు. లెండర్ డబ్బు టైటిల్ కంపెనీకి చేరేదాకా తాళాలు ఇవ్వరు. శుక్రవారం సాయంత్రం దాకా అది పడకపోతే సామాన్ల ట్రక్కుతో సోమవారం దాకా ఆగాల్సిందే.