వేసవి భద్రతకు కాలనీ సొమ్ము: ఒక రోజు మేళాయా, రెండు నెలల చలివేంద్రమా, వీధి వీధికీ పలకరింపా?

ఫాల్గుణం వెళ్ళి చైత్రం అడుగుపెట్టే వేళకు విశాఖలోని కాలనీ సంక్షేమ సంఘాల్లో ఒకే ప్రశ్న తలెత్తుతుంది: పోగైన చందాలతో ఈ వేసవికి ఏం చేద్దాం? మా సంఘం ముందుకు ఈసారి మూడు ప్రతిపాదనలు వచ్చాయి. పార్కులో ఒక రోజు వేసవి భద్రతా మేళా జరపాలన్నది మొదటిది. వైద్య శిబిరం, అగ్నిమాపక సిబ్బంది ప్రదర్శన, పిల్లలకు పోటీలు, చివర పాటల కచేరీ అందులో భాగాలు. కూడలిలో రెండు నెలల పాటు చలివేంద్రం నడపాలన్నది రెండోది. వీధికి నలుగురు చొప్పున బృందాలుగా ఏర్పడి, ఒంటరిగా ఉండే పెద్దలనూ, ఎండలో పనిచేసేవారినీ రోజూ పలకరించి రావాలన్నది మూడోది. మూడింటినీ నిండుగా చేయడానికి డబ్బు చాలదు, మనుషులు అంతకన్నా చాలరు. అందువల్ల ఏది మేలో తేల్చుకోక తప్పలేదు.

తేల్చే ముందు ఇక్కడి ఎండ స్వభావాన్ని గుర్తు చేసుకోవాలి. విశాఖ ఎండ రెంటచింతల ఎండ కాదు. అక్కడ పాదరసం పైకి పోతుంది గానీ గాలి పొడిగా ఉంటుంది. ఇక్కడ ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గరే ఆగినా, సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. 35 డిగ్రీల వేడికి 60 శాతం తేమ తోడైతే శరీరానికి అది సుమారు 45 డిగ్రీల బాధగా తోస్తుంది. వాతావరణ శాఖ కూడా ఈ తేడాను లెక్కలోకి తీసుకునే, వడగాడ్పు ప్రకటించడానికి మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరాలని, తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలకు చేరి సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువగా ఉంటే చాలని నియమం పెట్టుకుంది. పడమటి గాలి బలంగా వీచి, సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా ఊళ్ళోకి రాని రోజుల్లో పరిస్థితి హఠాత్తుగా మారిపోతుంది. ‘గాలి ఇంకా తిరగలేదు’ అని పెద్దలు గుమ్మంలో నిలబడి అనుకునేది ఆ రోజుల్లోనే. కొండవాలు బస్తీల్లో అయితే పగలంతా కాగిన రాయి రాత్రి వేడిని వదులుతూనే ఉంటుంది. పైపెచ్చు నీళ్ళ బిందెతో మెట్లెక్కాలి. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారన్న సంగతిని ఇటువంటి చర్చల్లో మరిచిపోకూడదు.

ఇక చలివేంద్రం సంగతి. దాని పట్ల మనందరికీ మమకారం ఉంది, ఉండాలి కూడా. దారినపోయేవాడికి పేరు అడగకుండా దాహం తీర్చడం మన ఊళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆటో నడిపేవారు, తోపుడు బండి వారు, పారిశుద్ధ్య కార్మికులు, గంటకు పది ఇళ్ళు తిరిగి పార్సిళ్ళు అందించే కుర్రాళ్ళు, వీరందరికీ అది నేరుగా అందే మేలు. వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో చందనోత్సవానికి, అప్పన్న నిజరూప దర్శనానికి గంటల తరబడి బారులు తీరే భక్తులకు దారి పొడవునా మజ్జిగ పోసేవారిని చూసిన ఎవరూ చలివేంద్రాన్ని తేలికగా మాట్లాడలేరు.

అయితే దానికి మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది, చెమటను ఆరనివ్వని తేమే కుండనూ చల్లబడనివ్వదు. మట్టికుండ పైకి ఊరిన నీరు ఆవిరవడం వల్లనే లోపలి నీరు చల్లబడుతుంది. రాయలసీమలో త్వరగా చల్లబడే కుండ ఇక్కడి ఉక్కలో పూటంతా ఉన్నా గోరువెచ్చగానే మిగులుతుంది. నీడ, గాలి రెండూ ఆడే చోట ఇసుక తిన్నె పోసి, తడిగుడ్డ చుట్టి పెడితే కొంత నయం. నీరు చల్లబడలేదని దాతలకు తొందర పుడుతుంది, దానితో ఐసు గడ్డ వచ్చి పడుతుంది. రెండో ఇబ్బంది ఇదే. చేపల రేవు ఉన్న ఊరు మనది. చేపలు నిల్వ చేయడానికి తయారయ్యే ఐసు తాగే నీటితో చేసినది కానక్కరలేదు. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లోనే ఆదేశించినా, ముక్కలుగా కొట్టి మజ్జిగ డ్రమ్ములో వేశాక రంగు చూసేది ఎవరు? వడదెబ్బ తప్పించుకున్నవాడు వాంతులు, విరేచనాలతో మంచమెక్కితే చలివేంద్రం పెట్టిన పుణ్యం ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. కాబట్టి ఐసు వద్దే వద్దని ముందుగానే నిర్ణయించుకోవాలి. కుండలో చెయ్యి ముంచనక్కర లేకుండా పొడుగు కాడ గరిటె గానీ, అడుగున కుళాయి బిగించిన కుండ గానీ పెట్టాలి. క్లోరిన్ బిళ్ళ వేసిన నీటిని అరగంట ఆగి గానీ ఇవ్వకూడదు.

మూడోది ఉత్సాహానికి సంబంధించినది. మొదటి రోజు కొబ్బరికాయ, ఫొటో, కార్పొరేటరు గారి చేతుల మీదుగా చల్లని మజ్జిగ. మూడో వారానికి బోర్లించిన కుండలు, ఎండకు వెలిసిపోయిన ఫ్లెక్సీ. ప్రతి ఏడూ చూసే దృశ్యమే. రోజుకు పది డబ్బాలు, అంటే డబ్బాకు 20 లీటర్ల చొప్పున 200 లీటర్లు ఖర్చవుతాయనుకుంటే, అరవై రోజులకు 600 డబ్బాలు కావాలి. డబ్బు ఎలాగో వస్తుంది. అరవై మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని కుండలు కడిగి నింపే మనిషి రావడమే కష్టం. ఆ పని చేసేవారికి కూలి ముందుగానే కేటాయించని చలివేంద్రాన్ని నేను సమర్థించను. సేవ పేరుతో ఒక ముసలి వాచ్‌మన్ మీద ఆ బరువు మోపి, ఆయన్నే ఎండకు గురిచేయడం నేను కళ్ళారా చూశాను.

మేళా విషయంలో నా అభిప్రాయం మరింత కటువుగా ఉంటుంది. అది ఎవరికి అందుతుందో ఆలోచించండి. పార్కు దాకా నడిచి రాగలిగినవారు, సెలవు ఉన్నవారు, రక్తపోటు చూపించుకోవాలన్న స్పృహ ముందే ఉన్నవారు వస్తారు. రానివారికే అవసరం ఎక్కువ. పైగా మే నెల ఎండలో జనాన్ని పోగుచేయడమే ఒక ప్రమాదం. 2023 ఏప్రిల్‌లో నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో ఒక పురస్కార సభ ఆరుబయట మిట్ట మధ్యాహ్నం దాకా సాగి, పది మందికి పైగా వడదెబ్బతో ప్రాణాలు కోల్పోయారు. భద్రత గురించి చెప్పడానికి జనాన్ని ఎండలో కూర్చోబెట్టడం కన్నా విడ్డూరం ఉండదు.

అయినా మేళాను పూర్తిగా కొట్టిపారేయలేను. చెవితో వింటే రాని విద్యలు కొన్ని ఉన్నాయి, వాటిని చేతితో చేసి నేర్చుకోవాలి. మంటలార్పే సిలిండరు పిన్ను లాగి, మంట నాలుక మీదికి కాకుండా మొదలు మీదికి కొట్టాలని కరపత్రంలో చదివినవారిలో ఎంతమంది ఆ సమయానికి చేయగలరు? గ్యాసు వాసన వస్తే ముందు స్విచ్చుల జోలికి పోకూడదని, కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలని చెప్పడం సులువు. చీకటి వంటింట్లో చెయ్యి అలవాటుగా స్విచ్చు మీదికే పోతుంది. గుండె ఆగినవారికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలన్నది బొమ్మ మీద చేసి చూస్తేనే ఒంటపడుతుంది. ఇందుకు తగిన తేదీ కూడా సిద్ధంగానే ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన ఘోర విస్ఫోటనంలో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృతికి ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 2023 నవంబరులో మన చేపల రేవులో పడవలు వరసగా తగలబడటం చూసిన ఊరికి, రేవు పేరు చెబితే వేరే వివరణ అక్కర్లేదు. ఆ వారంలో ఒక సాయంత్రం, పొద్దు వాలాక, రెండు గంటల కార్యక్రమం పెట్టుకుంటే కచేరీ వేదిక, షామియానా, భోజనాల ఖర్చు అంతా మిగిలిపోతుంది. లేదా శ్రీరామనవమి పందిరినే వాడుకోవచ్చు. మిరియాలు, యాలకులు వేసిన బెల్లపు పానకం, నానిన వడపప్పు పంచే చోటికి పిలవకపోయినా అందరూ వస్తారు. వేసవి ఆరంభంలో జనాన్ని ఒకచోట చేర్చే పని మన పెద్దలు ఎప్పుడో చేసి పెట్టారు.

మూడో ప్రతిపాదనకు ఫొటోలు రావు, ప్రారంభోత్సవం ఉండదు. అందుకే సమావేశంలో దానికి చప్పట్లూ పడలేదు. కానీ వడదెబ్బకు ఎక్కువగా బలయ్యేది ఎవరని అడిగితే, లెక్క దానివైపే మొగ్గుతుంది. వయసు మీరినవారికి దాహం తెలియడం తగ్గుతుంది, చెమట తక్కువ పడుతుంది. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని మరింత బయటికి పంపుతాయి. అలాంటివారు పై అంతస్తులో, స్లాబు కింద, తలుపులు బిగించుకుని ఒంటరిగా ఉంటే, కూడలిలోని చలివేంద్రం వారికి కాశీ అంత దూరం. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి కూడా మేలు చేయదు, ఒంటి మీదికి వేడిని విసురుతుంది. రెండేళ్ళ క్రితం మా పక్క వీధిలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు రెండు రోజుల పాటు తలుపు తీయలేదు; పిల్లలు విదేశాల్లో ఉన్నారు. గుమ్మం దగ్గర పాల ప్యాకెట్లు అలాగే ఉండటం చూసి పాలబ్బాయి నలుగురినీ పిలవబట్టి ఆయన బతికారు. ఏ సంఘమూ అప్పగించకుండానే ఆ అబ్బాయి చేసిన పనిని వ్యవస్థగా చేయాలన్నదే మూడో ప్రతిపాదన.

పని చిన్నదే. ఉదయం పదకొండు లోపు ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి, ‘మాస్టారూ, బాగున్నారా, నీళ్ళు తాగుతున్నారా’ అని అడగాలి. మాట తడబడుతున్నదా, మూత్రం ముదురు రంగులో తక్కువగా వస్తున్నదా, ఒళ్ళు కాలుతున్నదా అన్నవి గమనించాలి. లీటరుకని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని లీటరు నీటిలోనే కలపాలన్న సంగతి చాలామందికి తెలియదు. గ్లాసులో వేసి చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సరిపోతాయి. ఒళ్ళు 40 డిగ్రీలకు కాగి, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు.

ఇందులోనూ చిక్కులున్నాయి. ఒంటరి పెద్దల ఇళ్ళ జాబితా తయారు చేయడమంటే దొంగకు దారి చూపినట్టు కాకుండా జాగ్రత్తపడటం కూడా. వేసవిలో తాళాలు వేసి ఊళ్ళకు వెళ్ళే కుటుంబాలు ఎక్కువ గనుక ఈ భయం ఉత్తది కాదు. జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, వీధి బృందంలోని ఇద్దరి దగ్గర కాగితం మీదే ఉండాలి. ఎవరు పడితే వారు తలుపు తట్టకుండా, ముఖ పరిచయం ఉన్నవారే వెళ్ళాలి. వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు ఆ వీధుల సంగతి మనకన్నా ఎక్కువ తెలుసు. వారిని అడగకుండా మొదలుపెట్టడం తెలివితక్కువతనం. ఆత్మాభిమానం గల పెద్దలు ‘నాకేమైందని వచ్చారు’ అని కసురుకోవడమూ ఉంటుంది. అటువంటివారికి ఏదో ఒక పని చెప్పి వెళ్ళడం మేలు. లెక్కలు చూసిపెట్టమని అడిగితే మాస్టారు కాదనరు.

మూడింటిలో ఏదీ తాకని ప్రమాదం ఒకటి మిగిలింది, అది సముద్రం. పరీక్షలు అయిపోయిన పిల్లలు గుంపులుగా ఆర్కే బీచ్‌కో, రుషికొండకో వెళతారు. మోకాలి లోతులో ఆడుకుంటున్నవారిని కూడా లోపలికి లాగే ప్రవాహం పట్టుకుంటే, తిన్నగా ఒడ్డుకు ఈదాలని పెనుగులాడి అలసి మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడవచ్చు. మునిగినవారిని బయటికి తీశాక బోర్లా వేసి పొట్ట నొక్కడం మన దగ్గర ఇంకా పోని పొరపాటు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి అందించి, ఆపైన ఛాతీ నొక్కాలి. ఇది చెప్పడానికి పెదజాలారిపేట మత్స్యకారులను మించిన గురువులు లేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. పిల్లల సెలవులూ ఇంచుమించు అప్పుడే. వేట లేక ఖాళీగా ఉన్న అనుభవజ్ఞులకు రోజు కూలి ఇచ్చి, కాలనీ పిల్లలను తీరానికి తీసుకెళ్ళి, ఏ అల ఎక్కడ విరుగుతుందో, ఏ చోట నీరు మోసపూరితంగా నిశ్చలంగా కనిపిస్తుందో చూపించమంటే, మేళాలో కచేరీకి పెట్టే ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

కాబట్టి నా ఓటు మూడో ప్రతిపాదనకే. చలివేంద్రం ఒక్కటే చోట, బస్టాపు పక్క చెట్టు నీడన, ఐసు లేకుండా, కూలి ఇచ్చి పెట్టిన మనిషితో నడవాలి. మేళా ఒక సాయంత్రానికి కుదించుకుపోవాలి. సమావేశంలో దీనికి ఒప్పుకోనివారు ఇద్దరున్నారు. మజ్జిగ పోయని చలివేంద్రం ఏం చలివేంద్రమని ఒకరు, పాటలు లేకపోతే జనం రారని మరొకరు. మొదటివారితో రాజీ కుదిరింది: ఇంట్లో కాచి చల్లార్చిన పాలు తోడుపెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళతోనే చిలికిన మజ్జిగ ఆదివారాలు మాత్రం పోస్తారు. రెండోవారిని రామనవమి పందిరి భజన బృందానికి పెద్దను చేశాం. పలకరింపుల నమోదు పుస్తకం ఎక్కడ ఉంచాలన్నది ఇంకా తేలలేదు.